చెల్లని నష్టం

ఎల్క్ ప్రెయిరీ, విస్కాన్సిన్
మార్చి 8, 2025

మార్విస్ అక్కకు,

నువ్వు ఫోను చేశావని నీ మరదలు లవోన్ చెప్పింది. నాకు ఫోనులో ఏదీ వినపడదని తెలిసి కూడా చేస్తావు. కాగితం మీద రాయి, కాగితం గొణగదు. అరిజోనా ఎండకు నీ మోకాళ్ళు కుదురుకున్నాయనుకుంటాను. ఇక్కడ నిన్న కూడా మోకాలి లోతు మంచు. మన పాత నార్గార్డ్ యంత్రంతోనే ఊడ్చాను, ఆ కంపెనీని తిట్టుకుంటూ, దాని ఇంజన్ని మెచ్చుకుంటూ.

పని ఉండే రాస్తున్నాను. కిందటి నవంబరులో నార్గార్డ్ వాళ్ళు మన ఫ్యాక్టరీ మూసేసి దక్షిణాదికి పోయారు కదా. మంచు మొహమే చూడని ఊళ్ళో కూర్చుని మంచు ఊడ్చే యంత్రాలు చేస్తారట. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడి ఇంజన్ల పరీక్ష షెడ్డులో పనిచేసినవాణ్ణి, నాకు ఒళ్ళు మండింది. జీతంలో కోయించుకుని కూడబెట్టిన నాలుగు వందల షేర్లూ పద్నాలుగో తేదీన అమ్మిపారేశాను. తొమ్మిది వేల రెండు వందల డాలర్ల నష్టం. మర్నాడు శుక్రవారం, కుబియాక్ బార్‌లో చేపల వేపుడు తింటున్న జనం ముందు లేచి నిలబడి, ఈ జన్మలో ఆ కంపెనీ కాగితం ముట్టనని చెప్పాను. అంత పొడుగు ఉపన్యాసం నా పెళ్ళినాడు కూడా ఇవ్వలేదు. వారం తిరిగేలోగా మరో ఆరుగురు అమ్మేశారు. ఊరికే కబుర్లు చెప్పామని ఎవరూ అనకుండా, పన్ను కాగితాల్లో నష్టం పడ్డ పేజీని ఎవరికి వాళ్ళు తెచ్చి బార్ గోడకు గుచ్చాలని బార్ ఓనరు రోజర్ కుబియాక్ అన్నాడు. ఏప్రిల్ పదకొండు శుక్రవారం గడువు.

ఇప్పుడు కంప్యూటర్లోని ఈ పన్నుల ప్రోగ్రాం నా పరువు తీసేలా ఉంది. నా నష్టం పక్కన W అని ఒక అక్షరం పెట్టి, మొత్తాన్ని సున్నా చేసి కూర్చుంది. వాష్ సేల్ అట, నష్టం చెల్లదట. ముందుండి ఊరంతటి చేత అమ్మించినవాడు గోడకు సున్నా గుచ్చితే ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. ఇరవై ఆరేళ్ళు జనం పన్నులు రాసిపెట్టినదానివి, ఎక్కడ నొక్కితే ఇది బాగవుతుందో చెప్పు.

లవోన్ బాగానే ఉంది. మంగళవారాలు చర్చిలో బొంతలు కుట్టే సంఘానికి పోతోంది. భోజనాల దగ్గర ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది, నేను తలూపుతూ ఉంటాను. నలభై మూడేళ్ళుగా మా సంసారం అలా సాఫీగా నడుస్తోంది.

నీ తమ్ముడు
ఎల్డన్

———

మేసా, అరిజోనా
మార్చి 12

ఒరేయ్ ఎల్డన్,

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి, నీ బుద్ధే కుదురుకోలేదు. ప్రోగ్రాం చెడిపోలేదు. ఇరవై ఆరు సీజన్లలో నా బల్ల ముందు కూర్చున్న ప్రతి మగవాడూ మొదటి మాటగా యంత్రం చెడిపోయిందనే అన్నాడు.

వాష్ సేల్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఒక షేరు నష్టానికి అమ్మి, ఆ అమ్మిన రోజుకు ముందు గానీ తర్వాత గానీ ముప్పై రోజుల్లో మళ్ళీ అదే షేరు కొంటే, నువ్వు దాన్ని నిజంగా వదిలించుకోలేదని ప్రభుత్వం అంటుంది. అందుకని నష్టం ఇప్పటికి చెల్లదు. అలాగని పోదు కూడా. కొత్తగా కొన్న షేర్ల ధరలో కలిసిపోయి, వాటిని అమ్మేదాకా అక్కడే ఉంటుంది. ఆ W నీ ప్రోగ్రాం కనిపెట్టింది కాదు, మీ ఊరి షేర్ల ఏజెంటు టిల్మన్ పంపిన కాగితంలోనే ఉంటుంది, చూసుకో.

కాబట్టి ఎవరో మళ్ళీ కొన్నారు. ఎవరో ఏమిటిలే, నువ్వే. బార్‌లో ఉపన్యాసం ఇచ్చావు, ఇంటికొచ్చాక మనసు పీకింది, చడీచప్పుడు లేకుండా టిల్మన్‌కి కబురు పెట్టావు. చిన్నప్పుడు ఆ గోధుమరంగు కుక్కని ఊరంతా చూస్తుండగా రాళ్ళేసి తరిమావు, ఆనక కొట్టం వెనక దానికి మాంసం ముక్కలు పెడుతూ నాకు దొరికిపోయావు. నువ్వు మారావని నేను అనుకోను.

అయినా నష్టం మొత్తం చెల్లినా, వేరే లాభాలేవీ లేనివాడివి, ఈ ఏడాదికి మూడు వేల డాలర్లకు మించి లెక్కలోకి రాదు. దీనికోసం రక్తపోటు పెంచుకోకు. కొన్నానని ఒప్పుకో, మిగతాది నేను సర్దిస్తాను.

లవోన్‌ని అడిగానని చెప్పు. నా మరదలు మాత్రం ఇంట్లో ఉన్న తెలివిగలవాళ్ళలో ఒకతె. రెండోవాళ్ళు ఎవరో నాకింకా తెలియదు.

అక్క
మార్విస్

———

ఎల్క్ ప్రెయిరీ
మార్చి 17

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నేను కొన్నానా? మన అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఒక్క షేరు కూడా కొనలేదు. ఆ కుక్క సంగతి వేరు. దానికి కాలు విరిగింది.

నువ్వు నమ్మకపోతే పోనీ, నేనే దారి కనిపెట్టాను. ఆ W ఉన్న వరసలో 'సర్దుబాటు' అని ఒక గడి ఉంది. అందులో తొమ్మిది వేల రెండు వందలు అని ఉంది. నష్టమన్నాక ముందు మైనస్ గుర్తు ఉండాలి కదా, అది పెట్టడం మర్చిపోయారు. దాన్ని కొట్టేసి మైనస్ పెట్టాను. వెంటనే సున్నా పోయి నష్టం పద్దెనిమిది వేల నాలుగు వందలు అయింది. నేను పోగొట్టుకున్నది తొమ్మిది వేలే అయినా, వాళ్ళు చేసిన పనికి ఇది ఎక్కువేం కాదనిపించింది. లవోన్‌కి తెర చూపించాను. అది నావైపు చాలాసేపు చూసి, ఏదో అంది. తలూపాను.

రోజర్ పేజీ ఇప్పటికే గోడ మీద ఉందట. నేను ఇంకా చూడలేదు, నాది పట్టుకునే బార్‌లో అడుగు పెడదామని ఆగాను.

ఎల్డన్

———

మేసా
మార్చి 21

ఎల్డన్,

ఆ మైనస్ గుర్తు తీసెయ్. ఈ వాక్యం చదివిన క్షణమే లేచి వెళ్ళి తీసెయ్, కాఫీ చల్లారినా ఫర్వాలేదు.

ఆ గడిలో ఉండేది నష్టం కాదు, చెల్లని నష్టాన్ని వెనక్కి కలిపే అంకె. మైనస్ లేకుండా ఉంటే నష్టంతో కలిసి సున్నా అవుతుంది. మైనస్ పెడితే నష్టం మీద నష్టం పడి రెట్టింపు అవుతుంది. టిల్మన్ కాగితానికి నకలు ఒకటి ప్రభుత్వం దగ్గర కూడా ఉంటుంది. వాళ్ళ దగ్గర సున్నా, నీ దగ్గర పద్దెనిమిది వేలు. శరదృతువు వచ్చేసరికి నీకు ఉత్తరం వస్తుంది. అది నా ఉత్తరాల్లా ముద్దుగా ఉండదు.

నువ్వు కొనలేదని అమ్మ మీద ఒట్టేశావు కాబట్టి నమ్ముతున్నాను. ఇప్పుడు ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. టిల్మన్ దగ్గర ఉన్న ఆ ఖాతా ఎవరెవరి పేర్ల మీద ఉంది?

మార్విస్

———

ఎల్క్ ప్రెయిరీ
మార్చి 22

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా చాలా పని అయింది.

నిన్న టిల్మన్ ఆఫీసుకి వెళ్ళి నా కాగితంలో W ఎందుకు వేశావని నిలదీశాను. వాడు నోరు కదిపాడు, చేతులు కదిపాడు, గోడ మీది కేలండర్లో నవంబరు చూపించాడు. వినపడలేదని చెప్పడం ఇష్టం లేక, సరే చూస్తానని గంభీరంగా చెప్పి వచ్చేశాను. తప్పుచేసినవాడే అంత సేపు మాట్లాడతాడు. పక్కన టైపు చేసే అమ్మాయి కిసుక్కున నవ్వింది కూడా. ఏదో ఉంది అక్కడ.

ఇంటికొచ్చి, చేత్తో దిద్దితే నమ్మరేమోనని, టిల్మన్ కంపెనీ లెక్కలు నేరుగా ప్రోగ్రాంలోకి వచ్చే మీట నొక్కాను. ఇప్పుడు ఒకే అమ్మకం రెండు వరసల్లో వచ్చింది. ఒకదాంట్లో పద్దెనిమిది వేల నాలుగు వందల నష్టం, ఇంకోదాంట్లో సున్నా. ఒకే అమ్మకం రెండుసార్లు ఉందని ఎర్ర గీత వచ్చింది. రెంట్లో ఒకటి తీసేయమంది. సున్నా ఉన్నదాన్ని తీసేశాను. ఎర్ర గీత పోయింది. చూశావా, నువ్వు అనుకున్నంత మొద్దును కాదు.

పేజీ అచ్చు తీశాను. అందంగా ఉంది.

ఎల్డన్

———

ఎల్క్ ప్రెయిరీ
మార్చి 26

మార్విస్‌కు,

నీ ఇరవై ఒకటో తేదీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఖాతా ఎవరి పేర్ల మీద ఉందో నీకెందుకు? నాకు డెబ్బై ఏళ్ళు కూడా నిండలేదు. నాన్న పోయినప్పుడు పడవ ఎవరికి రావాలన్న దగ్గర నువ్వు ఇలాగే ముందు ఒక చిన్న ప్రశ్న అడిగావు. నేను పోయాక నా ఆస్తి ఎవరికన్నది లవోన్, నేను చూసుకుంటాం. ఖాతా మా ఇద్దరి పేరు మీదా ఉంది. ఇక చాలా?

మైనస్ తీయను. తీస్తే గోడకు సున్నా గుచ్చాలి.

ఎల్డన్

———

మేసా
మార్చి 31

తమ్ముడూ,

పడవ నీకే ఇచ్చాను, ఆ ఏడే దాన్ని ముంచావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

నీ ఆస్తి నాకు అక్కర్లేదు. ఇక్కడ ఒక ట్రెయిలరు ఇల్లు, రెండు నిమ్మచెట్లు, నోరు తెరిస్తే మూయని పొరుగావిడ ఉన్నారు, నాకు చాలు. ఖాతా పేర్లు ఎందుకు అడిగానో ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు.

నువ్వు కొనలేదు. టిల్మన్ తనంతట తాను కొనలేడు, కొంటే జైలుకు పోతాడు. ఆ ఖాతాలో కొనమని చెప్పే హక్కు ఈ భూమ్మీద ఇద్దరికే ఉంది, అందులో నువ్వు కాదని ఒట్టేశావు. నీ నష్టం ఏదో కొంచెం కాదు, మొత్తంగా చెల్లకుండా పోయింది. అంటే నువ్వు అమ్మిన నాలుగు వందలూ తిరిగి కొన్నారు. కేలండర్లో నవంబరు చూపించి టిల్మన్ నీకు చెప్పింది అదే అయి ఉంటుంది.

ప్రోగ్రాం తెర చూడ్డం మానెయ్. మీ వంటింటి సొరుగులో టిల్మన్ నుంచి నెలనెలా వచ్చే కవర్లు ఉంటాయి, నువ్వు ఏనాడూ విప్పనివి. నవంబరుది విప్పు. కానీ అరవకు. నువ్వు చెవిటివాడివి కాబట్టి నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు. విప్పి, బల్ల మీద పెట్టి, లవోన్‌ని అడుగు. అడిగాక ఆమె చెప్పేదాకా ఆగు. తలూపకు.

నిన్ను ఆటపట్టించాలని ఈ వ్యవహారం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు భయంగా ఉంది. నలభై మూడేళ్ళ సంసారాన్ని ఒక పన్నుల పేజీ కోసం పాడుచేసుకోకు.

అక్క

———

ఎల్క్ ప్రెయిరీ
ఏప్రిల్ 5

అక్కా,

పడవ గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

కవరు విప్పాను. నవంబరు ఇరవై ఆరు, మంగళవారం, నాలుగు వందల షేర్లు, పదిహేడు డాలర్ల చొప్పున. నేను అమ్మగా వచ్చిన డబ్బుతోనే కొన్నారు. కాగితం బల్ల మీద పెట్టి వేలు ఆనించాను. అరవలేదు. లవోన్ స్టవ్ ఆపి, వచ్చి నా ఎడమ పక్కన, కాస్తో కూస్తో పనిచేసే చెవి దగ్గర కూర్చుంది.

"నేను నవంబర్లోనే చెప్పాను కదయ్యా. మాంసం ఉండలు వడ్డిస్తూ చెప్పాను, షేర్లు తిరిగి కొంటున్నాను, నీకేమైనా అభ్యంతరమా అని. తలూపావు. మంచి ఆలోచన అని కూడా అన్నావు," అంది.

అక్కా, అని ఉంటాను. ఎవరైనా మాట ముగించి నా మొహంలోకి చూస్తే నేను మంచి ఆలోచన అంటాను. ఎక్కువసార్లు అది సరిపోతుంది.

ఎందుకు కొన్నావని అడిగాను. మేలో మిల్వాకీలో కంపెనీ వాటాదారుల సమావేశం ఉందట. అక్కడ అధ్యక్షుడి ఎదురుగా నిలబడి ప్రశ్న అడగాలంటే చేతిలో షేరు ఉండాలట. "మీ మగాళ్ళంతా కోపం వచ్చి బయటికి నడిచారు. బయట నిలబడి అరిస్తే లోపలున్నవాళ్ళకి ఏం వినపడుద్ది? నేను లోపలికెళ్ళి అడుగుతా," అంది. ఏమడుగుతావు అన్నాను. అప్పుడు చెబుతాలే అని స్టవ్ దగ్గరికి పోయింది.

నన్ను ఊరి ముందు ఫూల్‌ని చేశావని అందామనుకున్నాను. కానీ అడిగి మరీ చేసింది. దేని మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గరాజులోకి వెళ్ళి, మంచు యంత్రానికి నూనె పెట్టాను. ఇంకో సంగతి చెబితే నవ్వుతావు. ఆ షేరు ఇప్పుడు ముప్పై ఒక్క డాలర్లు. మన ఫ్యాక్టరీ మూసినందుకు మెచ్చుకుని జనం ఎగబడి కొంటున్నారట.

ప్రోగ్రాంని ఎలా బాగుచెయ్యాలో రాయి. శుక్రవారం లోపల అందేట్టు.

ఎల్డన్

———

మేసా
ఏప్రిల్ 7
(ఎక్స్‌ప్రెస్ పోస్టు)

ఎల్డన్,

నవ్వలేదు. కొంచెమే నవ్వాను.

నువ్వు చేత్తో దిద్దిన వరస, మైనస్ గుర్తు ఉన్నది, పూర్తిగా తీసెయ్. టిల్మన్ లెక్కల్ని మళ్ళీ రప్పించు. ఒకే వరస రావాలి, W ఉండాలి, ఆఖరి గడిలో సున్నా ఉండాలి. దాన్ని ముట్టుకోకు. లవోన్ కొన్న షేర్లకు పదిహేడు కాదు, నీ నష్టం కలుపుకుని నలభై డాలర్ల చొప్పున ఖరీదని ఒక కాగితం మీద రాసి కవర్లో దాచు. ఎప్పటికైనా అమ్మితే అదే అక్కరకొస్తుంది. నీ నష్టం ఎక్కడికీ పోలేదు, నీ పెళ్ళాం దగ్గర ఉంది.

గోడకు ఏం గుచ్చుతావో నీ ఇష్టం. పద్దెనిమిది వేల పేజీ అచ్చు తీసి ఉంచావని నాకు గుర్తుంది. బార్‌లో ఎవడూ దాన్ని ప్రభుత్వానికి చూపించడు. కానీ అక్కడ లవోన్ కూడా కూర్చుని చేపలు తింటూ ఉంటుంది.

ఒక సంగతి అడగాలని ఉంది. నీకు వినపడదని నువ్వు ఎవరికైనా, ఒక్కసారైనా నోటితో చెప్పావా?

మార్విస్

———

ఎల్క్ ప్రెయిరీ
ఏప్రిల్ 12

అక్కా,

నీ కవరు గురువారం అందింది. చెప్పినట్టే చేశాను. ఒక వరస, ఒక W, ఒక సున్నా. ప్రోగ్రాం పచ్చ గుర్తు చూపించింది. ఐదు వారాల్లో అది నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ప్రభుత్వానికి పంపేశాను.

నిన్న బార్‌కి రెండు పేజీలూ జేబుల్లో పెట్టుకుని వెళ్ళాను. ఎడమ జేబులో సున్నా, కుడి జేబులో పద్దెనిమిది వేలు. నీకు అబద్ధం చెప్పను, గుమ్మం దాటేదాకా చెయ్యి కుడివైపే ఉంది.

గోడ దగ్గర జనం మూగి ఉన్నారు. అప్పటికే ఆరు పేజీలు గుచ్చి ఉన్నాయి. రోజర్‌ది చూశాను. W, సున్నా. పక్కన హెన్రిక్‌ది చూశాను. W, సున్నా. ఆరుగురివీ చూశాను అక్కా, ఆరింటి మీదా అదే. ఒకడేమో నీ తమ్ముడిలాగే తెలివి చూపించి, W మీద తెల్ల రంగు పూసి మరీ గుచ్చాడు. అందరూ కలిసి ప్రోగ్రాం చేసిన కంపెనీని తిడుతున్నారు. ఊరంతటి పన్నుల్నీ పాడుచేసిందని, దావా వెయ్యాలని అంటున్నారట. రోజర్ నా భుజం పట్టుకుని, నా ఎడమ చెవిలో అరిచాడు. "నీ అక్క పన్నుల మనిషి కదా. ఏమందిరా?"

వెనక పెద్ద బల్ల దగ్గర బొంతల సంఘం ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, మా ఏడుగురి పెళ్ళాలూ. ఒక్కరూ తినడం లేదు. లవోన్ నావైపే చూస్తోంది. నవంబరు ఇరవై ఆరు మంగళవారం అన్నది అప్పుడు నా బుర్రకెక్కింది. ఆ రోజు బొంతలు కుట్టలేదు వీళ్ళు. సూదులు అక్కడ పెట్టి, వరసగా టిల్మన్ ఆఫీసుకి నడిచి వెళ్ళారు.

ఎడమ జేబులోంచి సున్నా తీసి గోడకు గుచ్చాను. కలం తీసి దాని కింద, 'షేర్లు తిరిగి నా భార్య కొన్నది, నాకు చెప్పే కొన్నది' అని రాశాను. తర్వాత రోజర్ వైపు తిరిగి, ప్రోగ్రాంలో తప్పేం లేదన్నాను. W ఎందుకొస్తుందో నువ్వు నాకు చెప్పినట్టే చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు. చేపలు వేపేవాడు కూడా వంటగదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు కాబట్టి బాగానే గట్టిగా చెప్పి ఉంటాను.

ఆరుగురు మగాళ్ళు ఒకేసారి ఆ బల్లవైపు తిరిగారు. రోజర్ భార్య నిమ్మకాయ ముక్క పిండుకుని చేప తినడం మొదలుపెట్టింది. ఎవరైనా ఏమైనా అన్నా నాకు వినపడలేదు. కాసేపటికి రోజర్ వెళ్ళి ఆ బల్లకు ఏడు బ్రాందీలు పంపించాడు. గోడ మీది పేజీలు ఎవరూ పీకలేదు.

మిల్వాకీకి చర్చి బస్సు అడిగారట, నడిపేవాడు లేడట. నేను నడుపుతానన్నాను. ఈ జన్మలో ఆ కంపెనీ కాగితం ముట్టనన్నాను గానీ, బస్సు స్టీరింగు గురించి ఏమీ అనలేదు.

ఇంటికొస్తూ లవోన్‌ని మళ్ళీ అడిగాను, ఆ అధ్యక్షుణ్ణి ఏమడుగుతావు అని. ట్రక్కు రోడ్డు పక్కకు ఆపమంది. ఇంజను కట్టేయమంది. నా పనిచేసే చెవి కిటికీ వైపు ఉంది కాబట్టి తను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా కిటికీ దగ్గర నిలబడి చెప్పింది.

"మీ షెడ్డులో ముప్పై ఏళ్ళు ఇంజన్ల మోతలో నిలబెట్టారు. చెవుల్లో పెట్టుకోడానికి దూది ముక్క కూడా ఇవ్వలేదు. ఇంట్లో నేను మాట్లాడితే నా మొగుడికి వినపడదు. అది ఎవరి లెక్కలో రాశారయ్యా అని అడుగుతా," అంది.

వయసు వల్ల అనుకున్నాను నేను. అందరికీ అలాగే చెబుతూ వచ్చాను. చలిలో నిలబడి ఉంది, ముక్కు ఎర్రబడింది, నేను ఎప్పటిలా తలూపబోయి ఆగాను. నువ్వు ఉత్తరంలో అడిగింది గుర్తొచ్చింది. "నాకు వినపడదు లవోన్. నువ్వు చెప్పేవాటిలో సగానికి పైగా నాకు వినపడవు. చాలా ఏళ్ళుగా," అన్నాను. తెలుసు అంది. తెలిసీ రోజూ భోజనాల దగ్గర ఎందుకు చెబుతావని అడిగితే, ఎప్పుడో ఒకటి తగలకపోతుందా అంది.

సమావేశం మే ఇరవైన. ఆ హాలు పెద్దదట, ఆమె మైకు దగ్గర నిలబడితే నేను ఎక్కడో వెనక బెంచీలో ఉంటాను. ఆ ప్రశ్న నేను కూడా వినాలి. అందుకని బుధవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. లవోన్ కూడా వస్తోంది. మిషను పెట్టాక మొదట ఎవరి మాట వినాలనుందని అడిగే అలవాటు ఉందట వాళ్ళకి.

ఆ తర్వాతి ఆదివారం నువ్వు ఫోను చెయ్యి. నేనే ఎత్తుతాను.

నీ తమ్ముడు
ఎల్డన్